పన్నెండో ఫోర్కు

నోర్‌బెక్, లెమ్విగ్ దగ్గర
10 జనవరి 1993

ప్రియమైన గుద్రున్ అక్కకి,

దేవుడి శాంతి నీకు తోడుండాలి.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నువ్వు అనుకుంటావని తెలుసు. క్రిస్మస్ రెండో రోజున ఫోన్ చేశాను కదా. ఒక సంగతి మూడుసార్లు చెప్పబోయాను. మూడుసార్లూ నువ్వు "గట్టిగా చెప్పవే, చర్చిలో ఉన్నావా ఏంటి?" అన్నావు. నాలుగోసారి నేను నోరు తెరిచేలోపే "లైను బాగాలేదు" అని పెట్టేశావు. లైను బాగానే ఉంది అక్కా, నా గొంతే అంత. పైగా మా ఫోను నడవలో ఉంది, మా ఆయన ఎవాల్డ్ అక్కడే కూర్చుని బూట్లు విప్పుకుంటూ ఉంటారు. పదిహేను రోజులు ఆలోచించి, ఈ ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక కలం పట్టాను. కాగితం మీదైతే నేనూ నీ అంత గట్టిగా వినిపిస్తాను.

జూన్ పన్నెండుకి మా పెళ్లయి ఇరవై అయిదేళ్లు. మధ్యాహ్నం భోజనానికి పన్నెండు మందిమి ఉంటాం. పెట్రెయా అత్తయ్య కూడా వస్తోంది. ఎనభై ఎనిమిదేళ్లు, రెండు కళ్లలోనూ పొర, అయినా వస్తానని ఎవరిచేతనో కార్డు రాయించింది. అమ్మ పోయాక అమ్మ స్టీలు సామాను, ఫోర్కులూ కత్తులూ చెంచాలూ, చెరి సగం పంచుకున్నాం కదా. ఆరుగురి సామాను నీకు, ఆరుగురిది నాకు. ఆ రోజున ఆ పన్నెండూ మళ్లీ ఒకే బల్ల మీద చూడాలని నా కోరిక. ఇంకేమీ అడగను. నీ ఆరూ తీసుకొస్తావా?

అత్తయ్య అలవాటు నీకు గుర్తుండే ఉంటుంది. భోజన ప్రార్థన మొదలయ్యేలోపు తన ఫోర్కు వెనక్కి తిప్పి, అడుగున అమ్మ పెట్టిన ఎర్ర చుక్క ఉందా లేదా అని చూస్తుంది. పంపకం రోజున ఆవిడ అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. "పన్నెండుని విడగొడితే రెండు సగాలొస్తాయే పిల్లా. ఏదో ఒక సగం గాలికి పోతుంది." ఆవిడ కళ్లు మూసేలోపు రెండు సగాలూ క్షేమంగా ఉన్నాయని చూపించాలి.

నిన్న పాత సామాన్ల కొట్లో ఒక కొత్త కోడలు ఆ చుక్క కథ అడిగింది. (మా చర్చి మిషన్ వాళ్ల కొట్టే. శనివారాలు నేను కూర్చుంటాను, వచ్చిన డబ్బు పరాయి దేశాల్లో బావులు తవ్వడానికి పోతుంది.) ప్రార్థనా మందిరంలో విందంటే అప్పట్లో ప్రతి ఇల్లాలూ తన ఇంటి ఫోర్కులూ కత్తులూ పట్టుకెళ్లేదని, ఊళ్లో కొట్టతను అందరికీ ‘రెల్లు’ నమూనా ఒక్కటే అమ్మాడని, విందయ్యాక ఏది ఎవరిదో తెలియక కడిగేచోట అందరి క్రైస్తవ సహనానికీ పరీక్ష అయ్యేదని చెప్పాను. అందుకే కదా అమ్మ జీవితంలో ఒకే ఒక్కసారి గోళ్ల రంగు కొన్నది. లెమ్విగ్‌లో ఆ కొట్టు పిల్లకి "ఫోర్కులకి, ఫోర్కులకి" అని ఎన్నిసార్లు చెప్పిందో! ఆ సీసా అయిపోయేదాకా పిండి డబ్బాలో దాచింది.

నీ జవాబు కోసం చూస్తుంటాను.

నీ చెల్లెలు
సోల్వై


వాల్బీ, కోపెన్‌హాగెన్
22 జనవరి

సోల్వై,

ఉత్తరం అందింది. నీ గొంతు కాగితం మీద కూడా చిన్నదే. ఆ అక్షరాలేమిటే, చీమల బారు! కళ్లద్దాలు పెట్టుకో అనకు. నాకు యాభై మూడేళ్లని ముక్కు మీద బోర్డు పెట్టుకుని తిరగను. కిటికీ దగ్గరికెళ్లి, చెయ్యి చాపి, సగం చదివి సగం ఊహించాను.

వస్తాను. మీ ఇంట్లో వైన్ పేరుతో పళ్లరసం పోస్తారని తెలిసినా వస్తాను. నా సంచీలో ఏ సీసా ఉందని ఎవాల్డ్ అడగకూడదు, అంతే.

అమ్మ సామానా? ఉంది, ఎక్కడికి పోతుంది? అలమరలో పైఅరలో ఉంది. తళతళలాడుతోంది. తెస్తాను.

ఆ అత్తయ్యని మాత్రం నాకు దూరంగా కూర్చోబెట్టు. ఆవిడకి నేనంటే మొదటినుంచీ గిట్టదు. క్రిస్మస్ రెండో రోజు విందుకి అమ్మనీ నాన్ననీ నిన్నూ పిలిచేది. నన్ను? "గుద్రున్ పెద్దపిల్ల కదా, పాలు పితకడానికి ఇంట్లో ఒకరుండాలిగా." నాలుగేళ్లు, సోల్వై! నాలుగు క్రిస్మస్‌లు ఆవుల మధ్య కూర్చుని రై రొట్టె నమిలాను. అయిదో క్రిస్మస్‌కి కోపెన్‌హాగెన్ రైలెక్కాను. ఆవులు కూడా బెంగపెట్టుకున్నాయట, ఆవిడ మాత్రం పెట్టుకోలేదు.

అన్నట్టు, నాకు ఇన్నా అని ఒక స్నేహితురాలుంది. ఆవిడకి ఈ పాత డేనిష్ స్టీలు పిచ్చి పట్టుకుంది. ‘రెల్లు’ లాంటి నమూనా అసలుదేదో నకలేదో ఎలా తెలుస్తుందని అడుగుతోంది. ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పు. తొందర లేదు. ఈ వారంలో రాయి.

గుద్రున్


నోర్‌బెక్
1 ఫిబ్రవరి

ప్రియమైన అక్కా,

నువ్వు వస్తున్నావు, సామాను తెస్తున్నావు. ఈ రెండు మాటలకీ దేవుడికి స్తోత్రం.

మీ ఇన్నా గారికి నాకు తెలిసింది రాస్తున్నాను. నేను చదువుకున్నది కాదు, శనివారాలు చేతులతో నేర్చుకున్నది.

ముందు ఫోర్కు వెనక్కి తిప్పాలి. మన ఇళ్ల కోసం చేసినదైతే తుప్పు పట్టదని మన భాషలోనే ముద్ర ఉంటుంది. పరాయి దేశాలకి పంపడానికి చేసినదైతే ఆ మాటే ఇంగ్లీషులో ఉండి పక్కన డెన్మార్క్ అని ఉంటుంది. రెండూ అసలువే. జపాన్ వాళ్లు అచ్చం మనలాగే చేసి అమ్మారు, వాళ్ల ముద్ర చీమ కాలంత ఉంటుంది. అందుకని ఇన్నా గారిని కళ్లద్దాలు పెట్టుకోమను.

ముద్ర అరిగిపోతే వేలితో చూడాలి. ఫోర్కు పళ్ల మధ్య సందుల్లో గోరు పెట్టి లాగితే, మనవాళ్లది లోపల కూడా సాన పట్టి నున్నగా ఉంటుంది. నకలు గోరుని గీరుతుంది. మన ఫోర్కు పళ్లు పొట్టి, పిడి పొడుగు, చేతిలో కాస్త బరువుగా కూర్చుంటుంది.

తర్వాత అయస్కాంతం. నా ఫ్రిజ్ మీద ఆదివారపు బడి పిల్లలు ఇచ్చిన గొర్రెపిల్ల బొమ్మ ఉంది, వెనక అయస్కాంతం. దాన్ని జేబులో వేసుకుని వెళతాను. మేలు రకం స్టీలు ఫోర్కుకి, చెంచాకి గొర్రెపిల్ల అంటుకోదు. కత్తి అలుగుకి మాత్రం అంటుకుంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. మొన్న కొట్లో అందరి ముందూ గిన్నెల మీద గొర్రెపిల్లని పాకిస్తుంటే పాస్టరు గారు చూసి, "ఏం వెతుకుతున్నారమ్మా?" అన్నారు. "మంచివాటిని" అన్నాను. ఆయన ఎందుకో చాలా సంతోషించారు.

అక్కా, నీకొక్కదానికే చెబుతున్నాను. నాకూ ఆ పిచ్చి పట్టింది. మా కొట్లో ఒక నియమం ఉంది. పనిచేసే ఆడవాళ్లు ఏ వస్తువైనా అరలో ఒక శనివారమంతా నిలిచాకే కొనాలి. క్రిస్మస్ ముందు ఒక స్టీలు గ్రేవీ గిన్నె వచ్చింది. ఆ మూతి వంపు చూస్తే నీళ్లు తాగుతున్న బాతులా ఉంటుంది. దాన్ని నేను ఒక పెద్ద వికారమైన దీపం వెనక పెట్టాను. దాచలేదు, అక్కడ పెట్టాను. ఆరు శనివారాలుగా అక్కడే ఉంది. కొనడానికి చెయ్యి రావడం లేదు, ముందుకు జరపడానికి మనసు రావడం లేదు.

సామాను కొనాలంటే ఓడెన్సెలో తోర్‌కిల్ స్కౌ గారని వ్యాపారి ఉన్నారు. నెలనెలా జాబితా అచ్చువేసి పంపుతారు, ఉత్తరాల మీదే వేలంపాట. చిరునామా అడుగున రాశాను, ఇన్నా గారికి ఇవ్వు.

సోల్వై


నోర్‌బెక్
4 మార్చి

గౌరవనీయులైన స్కౌ గారికి,

మీ మార్చి జాబితాలో నలభై ఒకటో అంశం చూశాను. ‘రెల్లు’ నమూనా, ఆరుగురి సామాను, ఒక ఫోర్కు తక్కువ, ప్రతిదాని అడుగునా ఎర్ర రంగు చుక్క, గోకితే పోవచ్చు అని రాశారు. దయచేసి గోకకండి.

ఆ చుక్కలు మా అమ్మ పెట్టిన చుక్కల్లా ఉన్నాయి. అది అసాధ్యమని నాకు తెలుసు, ఎందుకంటే అవి మా అక్క అలమరలో ఉన్నాయి. అయినా నిద్ర పట్టక రాస్తున్నాను. నా పాట నాలుగు వందల క్రోనర్లు. నావల్ల ఎవరికైనా ఆశాభంగమైతే వారు నన్ను క్షమించాలి.

సోల్వై క్రోస్‌గోర్


ఓడెన్సె
12 మార్చి

శ్రీమతి క్రోస్‌గోర్ గారికి,

గోకను. మీ పాటని కోపెన్‌హాగెన్ నుంచి ఒకావిడ దాటేశారు. నాలుగు వందల ఇరవై. మార్చి ఇరవై ఆఖరు రోజు. ఇది ఎక్కడిదని అడిగే హక్కు మీకుంది, చెప్పే జ్ఞాపకం నాకు లేదు. ఒక ముసలి వర్తకుడు కొట్టు మూసేస్తూ నాకు అమ్మాడు. ఆయన ఏడేళ్ల కిందట కొన్నానన్నాడు.

తో. స్కౌ


నోర్‌బెక్
15 మార్చి

స్కౌ గారూ,

నాలుగు వందల నలభై. ఆ కోపెన్‌హాగెన్ సోదరి నన్ను మన్నించాలి. ఆవిడకి ఇది సరదా కావచ్చు, నాకు అలా కాదు. ఆవిడ ఇంకా పెంచితే నేను మరో ఇరవై, దానికీ ముందే క్షమాపణ చెబుతున్నాను. మళ్లీ ఉత్తరం రాసే టైము ఉండదు కదా.

సో. క్రోస్‌గోర్


ఓడెన్సె
22 మార్చి

శ్రీమతి క్రోస్‌గోర్ గారికి,

సామాను మీదే. ఇన్ని క్షమాపణలతో నాకు ఇంత లాభం తెచ్చినవారు ముప్పై ఏళ్లలో లేరు.

పొట్లంలో సామానుతోపాటు ఒక ఫ్లానెల్ గుడ్డ చుట్ట కూడా ఉంటుంది. కత్తులూ ఫోర్కులూ దాచుకునే అరలతో ఎవరో ఇంట్లో కుట్టింది. మూల మీద నీలం దారంతో G అనే అక్షరం ఉంది. జాబితాలో రాయలేదు, దానికి వెల కట్టడం నాకు చేతకాలేదు. ఊరికే పంపుతున్నాను.

తో. స్కౌ


వాల్బీ
23 మార్చి

సోల్వై,

ఇన్నా మంచం పట్టింది. నువ్వు చెప్పిన స్కౌ దగ్గర సరిగ్గా కావలసిన సామాను దొరికిందట, చేతిదాకా వచ్చి జారిపోయిందట. ఎవరో మీ పశ్చిమ తీరపు భక్తురాలు ఎత్తుకుపోయింది. స్కౌ ఫోన్‌లో నవ్వాపుకోలేకపోయాడు. ప్రతి ఉత్తరంలో "ఆ సోదరి నన్ను మన్నించాలి" అని రాసి ఇరవై క్రోనర్లు పెంచుతుందట! క్షమించమంటూ జేబు కొట్టేసే రకం. పైగా ఇంకా పాడని పాటకి కూడా ముందే క్షమాపణ! అలాంటిది మీ వైపు ఎవరైనా తెలిస్తే పేరు చెప్పు. జూన్‌లో వచ్చినప్పుడు వాళ్ల కిటికీ కింద నిలబడి నా గొంతుతో మాట్లాడతాను.

ఇన్నాకి మరీ అవసరంగా ఉంది. ఎంత అవసరమో నీకు తెలియదు.

గుద్రున్


నోర్‌బెక్
30 మార్చి

ప్రియమైన అక్కా,

అలాంటివాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. పేరు చెప్పడం కష్టం.

ఇన్నా గారి కోసం ప్రార్థిస్తున్నాను. నిజంగానే.

అక్కా, ఒక మాట. రైల్లో, పడవలో అంత దూరం స్టీలు మోసుకురావడం బరువు. నీకు కష్టమైతే తేవద్దు. నిజంగా వద్దు. అత్తయ్యకి ఏదో ఒకటి చెబుతాను. నువ్వొస్తే నాకు చాలు. నువ్వు ఏమీ లేకుండా వచ్చినా నాకు చాలు.

గ్రేవీ గిన్నెని దీపం వెనకనుంచి తీసి ముందు వరసలో పెట్టాను. పది నిమిషాల్లో పాస్టరు గారి భార్య కొనుక్కుంది. ఒకేసారి రెండు రకాల ఆశ పెట్టుకోకూడదని అనిపించింది.

సోల్వై


వాల్బీ
18 మే

సోల్వై,

బరువా? నేనేమన్నా ముసలిదాన్నా? నీ మెత్తటి మాటల వెనక ఏదో ఉంది. నా దగ్గర సామాను లేదని అనుమానమా? ఉంది. ఆరు కత్తులు, ఆరు ఫోర్కులు, ఆరు చెంచాలు. రెండు నెలలుగా ప్రతి ఆదివారం పాత సామాన్ల సంతలు తిరిగి... ఇన్నాకి తోడుగా తిరిగి చెబుతున్నాను, నాదాంతో సమానమైనది ఈ ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. ఇన్నా కూడా ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని తిరిగింది. కళ్లద్దాలు మాత్రం తనూ పెట్టుకోదు, ఆ విషయంలో మేమిద్దరం ఒకటే.

చుక్కలు కూడా ఉన్నాయి. నేను బాగా తోముతాను కాబట్టి కాస్త కొత్తగా మెరుస్తుంటే ఆశ్చర్యపోకు.

పదకొండున సాయంత్రం బండికి దిగుతాను.

గుద్రున్


వాల్బీ
15 జూన్

సోల్వై,

ఈసారి గొంతు తగ్గించి రాస్తున్నాను.

నువ్వు సర్ది ఇచ్చిన సంచీ దారంతా తెరవలేదు. ఇంటికొచ్చి, వంటింటి బల్ల మీద పెట్టి తెరిచాను. నేను కాగితం సంచీలో పోసి తెచ్చిన సామాను ఫ్లానెల్ చుట్టలో తిరిగొచ్చింది. మూల మీద అమ్మ కుట్టిన నా అక్షరం.

ఇన్నా అనే మనిషి లేదు. నీకు ఎప్పుడో తెలిసే ఉంటుంది. 1986 చలికాలం, భర్త వెళ్లిపోయిన ఏడాది, అద్దె కోసం అమ్ముకున్నాను. గుమ్మం దాకా వచ్చిన వర్తకుడికి మెట్ల మీదే ఇచ్చేశాను, గుడ్డ చుట్టతో సహా. ఒక్క ఫోర్కు మాత్రం గిన్నెల కింద ఉండిపోయింది. ఉండిపోయింది కాదు, ఉంచుకున్నాను. రోజూ దాంతోనే హెర్రింగ్ చేప తింటాను. దాన్ని నీ ఇంటికి ఎందుకు తేలేదంటే, సంతల్లో కొన్నవాటికి నేను గులాబీ గోళ్ల రంగుతో పెట్టిన కొత్త చుక్కల పక్కన అమ్మ పాత చుక్క పడితే దొంగ దొరికిపోతుందని.

నీ ఇంట్లో నేను ఎలా కూర్చున్నానో నీకు తెలియదు. పాతికేళ్ల పెళ్లిరోజు ఆచారమని పొద్దున్నే ఊరంతా వచ్చి గుమ్మంలో పాటలు పాడుతుంటే నేను వెనక నిలబడి లెక్క వేసుకుంటున్నాను. బల్ల మీద పన్నెండు ఫోర్కులు, ఆరు నావి. ముసల్దానికి నాది పడే అవకాశం సగానికి సగం. పోనీ, కంట్లో పొర కదా, గులాబీ రంగు ఎర్రగా కనిపించొచ్చు అని ధైర్యం చెప్పుకున్నాను.

భోజనానికి కూర్చున్నాం. నువ్వు ఆవిడకి కిటికీ పక్క కుర్చీ వేశావు. ఆవిడ కూర్చుని, లేచింది.

"ఇక్కడ గాలి కొడుతోంది. నన్ను ఇవాళే సాగనంపుదామనా?"

"కిటికీ మూస్తాను అత్తయ్యా," అన్నాడు ఎవాల్డ్.

"మూసిన కిటికీలోంచే గాలొస్తుందిరా మీ ఇంట్లో." కర్ర టకటకలాడిస్తూ బల్ల చుట్టూ తిరిగొచ్చి, వంటింటి తలుపు పక్కన నీ కుర్చీలో కూర్చుంది. అప్పుడు నీ మొహం చూశాను. సున్నం కొట్టిన గోడలా ఉంది. నాకు కదా భయం, ఇదెందుకు వణుకుతోందీ అనుకున్నాను.

ఎవాల్డ్ ప్రార్థనకి తల వంచబోతున్నాడు. ఆవిడ ఫోర్కు తిప్పింది. బొటనవేలితో రుద్దింది. వెలుగుకి ఎత్తింది. మళ్లీ రుద్దింది.

"చుక్క లేదు," అంది.

నేను నోరు తెరిచాను, అంతా చెప్పేద్దామని. నిజం, సోల్వై. ఇంకొక్క క్షణం ఆగితే చెప్పేసేదాన్ని.

"చుక్క లేదు! చివరికి దొరికావే దొంగా!" అని ఆ ఫోర్కుని గుండెకి హత్తుకుంది.

"ఎవరు దొరికారు అత్తయ్యా?" అన్నాడు ఎవాల్డ్.

"నా ఫోర్కు! యాభై ఎనిమిదిలో మందిరంలో విందుకి పన్నెండు పట్టుకెళ్లాను, పదకొండు తెచ్చుకున్నాను. వీళ్లమ్మ మారెన్‌ని అడిగితే, ‘నావన్నిటికీ చుక్కుంది వదినా, చుక్క లేనిది ఎప్పుడు కనిపించినా అది నీదే, తీసుకుపో’ అంది. అప్పట్నుంచీ చూస్తున్నాను."

"ముప్పై అయిదేళ్లా! మరి ఒక్కసారన్నా అడగలేదేం?" అన్నాడు.

"ఒకరింట్లో తింటూ నా ఫోర్కు ఏదని అడుగుతారా? మర్యాద ఉండక్కర్లా?"

"సరే, ముందు వేరే ఫోర్కు ఇస్తాం, అది మీ సంచీలో పెట్టుకోండి."

"దీంతోనే తింటాను. కడగడానికి మాత్రం మీకివ్వను."

ఇవ్వలేదు కూడా. వేపుడు మాంసం, ఎర్ర క్యాబేజీ అంతా తిని, నాకి, చేతిగుడ్డలో చుట్టి సంచీలో వేసుకుంది. అప్పుడు నేను బల్ల కింద నా ఫోర్కు తిప్పాను. గులాబీ చుక్క లేదు. అమ్మ చుక్క. అంచులు అరిగి నల్లబడ్డ ఆ ఎరుపు. నువ్వు బల్లకి అవతల గ్రేవీ వడ్డిస్తూ నావైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నావో గ్రేవీకి తెలుసు, సగం గుడ్డ మీదే పోశావు.

ఆ భక్తురాలు నువ్వేనా? క్షమించమంటూ జేబు కొట్టేసిన రకం?

ఎలా చేశావో చెప్పు. ఆ చుక్క లేని ఫోర్కు ఎక్కడిదో కూడా చెప్పు. ఇంకెప్పుడూ నీకు ఫోన్‌లో "గట్టిగా చెప్పు" అనను.

గుద్రున్


నోర్‌బెక్
24 జూన్

ప్రియమైన అక్కా,

నేనే. మళ్లీ క్షమించు. ఆ సోదరివి నువ్వని నాకు తెలిసేసరికి పాట అయిపోయింది. స్కౌ గారి పొట్లం, నీ ఉత్తరం ఒకే రోజున వచ్చాయి. ముందు పొట్లం విప్పాను, తర్వాత నీ ఉత్తరం. రెండూ చదివినట్టే అయింది.

తేవద్దని రాశాను చూడు, అప్పుడే నువ్వు సరేనంటావని ఆశపడ్డాను. నీకు నేరుగా పంపాలని పొట్లం కట్టి మూడుసార్లు తపాలాఫీసు దాకా వెళ్లి వచ్చాను. పంపితే నాకు తెలిసిపోయిందని నీకు తెలుస్తుంది. అది నీకు నచ్చదు.

పదకొండో తేదీ సాయంత్రం నువ్వు పక్కింటివాళ్లతో గుమ్మం ముందు దేవదారు కొమ్మలతో తోరణం కడుతూ, అది వంకరగా ఉందని అందరితో పోట్లాడుతున్నావు. నీ గొంతు వంటింట్లోకి వినిపిస్తున్నంతసేపూ నువ్వు లోపలికి రావని ధైర్యం. నీ సంచీ విప్పి, నీవి తీసి అమ్మవి పెట్టాను. నీ చుక్కలు చూశానక్కా. గులాబీ రంగు, ముత్యంలా మెరుపు. అమ్మ చూస్తే వాటిని ముందు సబ్బుతో కడిగి తర్వాత నిన్ను కడిగేది. నవ్వుతూనే ఏడ్చాను.

కానీ నా దగ్గర ఫోర్కులు అయిదే. ఆరోది నీ వంటింట్లో హెర్రింగ్ తింటోందని నాకేం తెలుసు? అందుకని నీవాటిలో పైనున్నదొకటి తీసి, గులాబీ చుక్కని గిన్నెలు తోమే పొడితో రుద్ది పోగొట్టాను. నా కుర్చీ దగ్గర పెట్టాను. నా ఫోర్కుని ఎవరు తిప్పుతారు? అత్తయ్య బల్ల చుట్టూ తిరిగొస్తుందని ఆ దేవుడొక్కడికే తెలుసు, ఆయన నాకు చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం అత్తయ్య కాఫీకి రమ్మంది. వెళితే బల్ల మీద పన్నెండు ఫోర్కులు వరసగా పేర్చి ఉన్నాయి. "చూడవే, ఇది ఇంటికి తిరిగొచ్చింది. తోడబుట్టినవాటిలో ఎలా కలిసిపోయిందో!" అంది. నేను చేతిలోకి తీసుకున్నాను. పళ్ల మధ్య గోరు పెడితే గీరుకుంది. వెనక్కి తిప్పాను. అక్కా, నువ్వు కళ్లద్దాలు పెట్టుకోవాలి. జపాన్ అని ఉంది.

చెప్పబోయాను. అబద్ధంలో కూర్చుని కాఫీ తాగలేను కదా. "అత్తయ్యా, ఆ ఫోర్కు..." అన్నాను. నా గొంతు నీకు తెలుసు. ఆవిడకి వినపడలేదు. ఆవిడే మాట్లాడుతోంది.

"ఇప్పుడు పన్నెండు మందిని పిలవొచ్చు. ముప్పై అయిదేళ్లు పదకొండు మందినే పిలిచాను. ఒక మనిషికి ఫోర్కు లేకుండా బల్ల ముందు కూర్చోబెడతామా? మన చుట్టాలు లెక్కపెడితే కచ్చితంగా పన్నెండు. ప్రతి క్రిస్మస్‌కీ ఒకర్ని ఆపాల్సి వచ్చేది. మీ అక్కైతే పెద్దది, అర్థం చేసుకుంటుంది అనుకున్నాను. అది అర్థం చేసుకోలేదే, ఊరొదిలి పోయింది."

"వేరే ఫోర్కు ఒకటి పెట్టొచ్చుగా అత్తయ్యా," అన్నాను. ఇది మాత్రం విన్నది.

"వేరేది పెడితే ఆ కూర్చున్న పిల్ల ఏమనుకుంటుంది? నన్ను వేరుగా చూస్తున్నారనుకోదూ?"

చేతిలో ఉన్న ఆ ఫోర్కుని మిగతా పదకొండింటి పక్కన మళ్లీ పెట్టేశాను.

జూలై నాలుగు ఆదివారం భోజనానికి పన్నెండు మందిని పిలుస్తోంది. మొదటి పేరు నీది. "గుద్రున్ రాకపోతే బల్ల వేయను, చెప్పు దానికి. పాలు పితికే పని లేదులే అని కూడా చెప్పు" అంది. అక్కా, వస్తావు కదూ?

ఇంటికొచ్చి మోకాళ్ల మీద ఉండి దేవుడితో అంతా చెప్పాను, జపాన్ సంగతితో సహా. ఆయన ఎవరికీ చెప్పడు. మా ఆయనకి చెప్పలేదు, ఆయన చెబుతారు. మిగిలిన నీ అయిదు గులాబీ ఫోర్కులూ నా సొరుగులో ఉన్నాయి, ఇకమీద నేను రోజూ వాటితోనే తింటాను. అవి మాత్రం అసలువే, గొర్రెపిల్ల సాక్షి.

ఆదివారం నేను ముందే వెళ్లి బల్ల సర్దుతాను. ఆ పన్నెండో ఫోర్కు నీ ముందే పెడతాను. దాన్ని వెనక్కి తిప్పకు. ఇంకెవర్నీ తిప్పనివ్వకు. కడుపు నిండా తిను, కడగడానికి అత్తయ్యకే ఇవ్వు.

ఈ ఉత్తరాలు చించెయ్యకక్కా. ఆ ఫ్లానెల్ చుట్టలో ఆరో ఫోర్కుకి కుట్టిన అర ఖాళీగా ఉంటుంది, ఫోర్కు నీ చేతిలో ఉంటుంది కాబట్టి. ఇవి అందులో పెట్టి దాచు. ఎవరికీ చూపించకు.

నీ చెల్లెలు
సోల్వై